దాని పెరుగుడు

మున్షీ తాత పోయాడన్న కబురు నాకు బడిలో అందింది. మూడో తరగతి పిల్లలచేత ఒత్తులు దిద్దిస్తున్నాను. మా పక్కింటామె కిటికీ చువ్వలు పట్టుకొని నిలబడి, "పంతులమ్మా, మీ మున్షీ తాత పొద్దుగాల పోయిండు. మీ అమ్మ గాడనే కూసోని ఏడుస్తున్నది. నిన్ను జల్ది రమ్మన్నది" అని చెప్పింది. పిల్లలు నా మొహంలోకి చూశారు. నేను సగంలో ఉన్న ఒత్తు పూర్తి చేయించి, సుద్దముక్క డబ్బాలో వేసి, చేతులు కడుక్కొని బయలుదేరాను. జల్దీగా నడవడం నా వల్ల కాదు. ఆ రోజు చేతనైనా నడిచేదాన్ని కాదేమో.

నేను వెళ్ళేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. అమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చొని, వచ్చినవాళ్ళందరికీ ఒకే కథ చెబుతోంది. "నా బిడ్డను భుజం మీద ఏసుకొని దవాఖానకు కొంచవోయిండు. దేవుడసొంటి మనిషి. మొదాలే ఆపరేషన్ చేపిస్తే నా బిడ్డ వీపు గిట్ల గాకపోవు. నేనే భయపడ్డ, నేనే వద్దన్న. నా బుద్ధి గడ్డి తిన్నది."

అమ్మ ఈ మాట పన్నెండేళ్ళకు పైగా చెబుతూనే ఉంది. అది నిజం కాదు. ఆ మాటను సరిదిద్దగల మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన ఇప్పుడు తెల్లగుడ్డ కింద, ముక్కులో దూదితో, ఎవరేమన్నా పట్టనట్టు పడుకొని ఉన్నాడు.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మున్షీ తాత కళ్ళతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఆయన చెవులతోనూ నోటితోనూ. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో పొగడ్త ఉంటుంది. ఉండాల్సినంతే ఉంటుంది.

ఇది చదివే మీలో కొందరైనా ఆయన్ను చూసే ఉంటారు. అబిడ్స్‌లో తపాలా ఆఫీసు అరుగు మీద, మెట్లెక్కుతుంటే ఎడమ పక్కన, చిన్న మేజాబల్ల ముందు మఠం వేసుకొని కూర్చునేవాడు. ఉతికి ఉతికి పలచబడిన నల్ల షేర్వాణీ, అంచు చివికిన ఎర్ర టోపీ, ముక్కు చివర అద్దాలు. ఉండేది మా గల్లీలోనే. ఆయన పని అర్జీలు రాయడం. ఆ రోజుల్లో కచేరీ ఉర్దూలోనే నడిచేది, కోర్టు ఉర్దూలోనే నడిచేది, డాక్టరు చదువు కూడా ఉర్దూలోనే సాగేది. పల్లెల నుంచి వచ్చి నాంపల్లి గల్లీల్లో కాపురం పెట్టిన మావంటి వాళ్ళకు సర్కారుతో మాట్లాడాలంటే ఉన్న దారి మున్షీ తాత నోరే. ఇల్లు కూలిందన్నా, పొలం తగాదా అన్నా, పింఛను ఆగిందన్నా ముందు ఆయన చెవిలో వేయాలి. ఆయన చెవిలో పడిన తెలుగు కాగితం మీద ఉర్దూ అయి, కచేరీ మెట్లెక్కేది.

ఆయన కలం చెక్కుకోవడం చూడటానికి పిల్లలం పోటీ పడేవాళ్ళం. రెల్లు పుల్లను ఎడమ చేతి బొటనవేలి గోటికి ఆనించి, చాకుతో ఒక్క కోత కోసేవాడు. రెండో కోత ఉండేది కాదు. రాలిన ముక్కలన్నీ ఏరి జేబులో వేసుకొని, ఇంటికి తెచ్చి, భార్యకు, మా అందరి అవ్వకు, పొయ్యి రాజేయడానికి ఇచ్చేవాడు. చాయ్ సగం సాసర్లో పోసి, ఎదురుగా కూర్చున్నది ఎవరైనా సరే, వాళ్ళ ముందుకు జరిపేవాడు. గుండెలు బాదుకుంటూ వచ్చినవాడు కూడా ఆ సాసరు తాగేలోగా కుదుటపడేవాడు. ఇవన్నీ నిజమే. ఆయన మంచివాడు కాదని నేనెప్పుడూ అనలేదు.

ఆయనకు ఒక మాట మీద మహా మోజు. "మాట ఒక్కపారే పుడ్తది. రెండుపార్లు అడిగెటోడు మున్షీ గాడు, చెవిటోడు." ఎవరైనా తడబడుతూ చెప్పినా, నసుగుతూ చెప్పినా, ఆయన తిరిగి అడిగేవాడు కాదు. కళ్ళు మూసుకొని విని, తల ఒకసారి ఊపి, రాసేసేవాడు. చూసేవాళ్ళకు అది పెద్ద విద్యలా ఉండేది. నా వీపు ఆ విద్యకు బలైపోయింది.

నేను పుట్టడమే వంకరగా పుట్టాను. వెన్నులో ఒక పూస సగమే తయారైందట. రెండో సగం దేవుడు మరిచిపోయాడు. ఒక పక్క పూస ఉండి, రెండో పక్క లేకపోతే, పైనున్న పూసలన్నీ ఖాళీ వైపుకు ఒరుగుతాయి. పిల్ల పెరిగినకొద్దీ ఒరుగు పెరుగుతుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అమ్మకు తెలిసిందల్లా నాలుగేళ్ళ పిల్లకు లంగా కడితే ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి ఉంటోందన్నదే. స్నానం చేయిస్తూ వీపు మీద చేయి వేస్తే కుడి రెక్క ఎముక పొడుచుకు వచ్చినట్టు తగిలేదట.

నాన్న అబిడ్స్‌లో ఒక బట్టల కొట్లో తానులు విప్పి చూపించే పని చేసేవాడు. పండుగల ముందు సెలవన్న మాట ఎత్తడానికి లేదు. అమ్మ మెదక్ దిక్కు పల్లెనుంచి వచ్చి మూడేళ్ళే అయింది. ఆమెకు వచ్చిన ఉర్దూ అంతా కలిపి "కిత్నా", "నక్కో", "జల్దీ". అందుకని మున్షీ తాత ఒక పూట పని మానుకొని, నన్ను భుజాన వేసుకొని, అమ్మను వెంటబెట్టుకొని సర్కారీ దవాఖానకు తీసుకెళ్ళాడు. జట్కా కట్టిద్దామంటే, "పిల్లకు కుదుపు తగుల్తది, నడుద్దాం పా బిడ్డా" అన్నాడట. ఆ దయను నేను కాదనను.

డాక్టరు విలాయతు వెళ్ళి వచ్చినవాడు. నన్ను బట్టలిప్పి నిలబెట్టి, వెన్ను పొడుగునా వేలితో గీత గీసి చూశాడట. ఎముకల ఫోటో తీయించాడు. తర్వాత మున్షీ తాతతో ఉర్దూలో గబగబా మాట్లాడాడు. అమ్మ చేతులు కట్టుకొని, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ నిలబడింది.

"ఏమంటుండు మామా?"

"ఆపరేషన్ చేస్తడట బిడ్డా. కాలెముకల నుంచి చిన్న చీలిక తీసి, వెన్నుల పెట్టి, పూసలను ఒక్కటి జేసి అతుకుతడట."

"అతికితే ఏమైతది?"

"దాని పెరుగుడు బందైతది."

ఇదీ ఆ మాట. దాని పెరుగుడు బందైతది. తర్వాతి మూడేళ్ళూ అమ్మ అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్పేది కనుక నాకు తెలుసు. డాక్టరు "ఉస్కా బఢ్నా రుక్ జాయేగా" అని ఉంటాడు. మున్షీ తాత దాన్ని అక్షరం పొల్లుపోకుండా తెలుగు చేశాడు. ఉర్దూలో "ఉస్కా" అంటే మనిషిదీ కావచ్చు, వస్తువుదీ కావచ్చు. తెలుగులో "దాని" అంటే వంపుదీ కావచ్చు, నాదీ కావచ్చు. నేను మగపిల్లవాణ్ణయి ఉంటే ఈ కథే లేదు. "వానిదా, దానిదా?" అన్న ప్రశ్న దానంతట అదే వచ్చేది. ఆడపిల్లను కనుక మన భాష నన్నూ, నా గూనినీ ఒకే గాటన కట్టింది.

అమ్మ నా నెత్తి మీద అరచేయి పెట్టి చూపించింది. "అంటే పెరగదా మామా? గింతనే ఉంటదా?"

ఇక్కడ ఒక్క క్షణం ఆగమని మిమ్మల్ని అడుగుతున్నాను. డాక్టరు అక్కడే, మూడడుగుల దూరంలో, కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. తల తిప్పి "సాబ్, కిస్కా?" అని అడిగితే చాలు. ఎవరిది అని, అంతే. ఒక్క మాట. కానీ రెండుసార్లు అడిగేవాడు మున్షీ కాడు కదా. తాత తల ఒకసారి ఊపాడట.

"ఔ బిడ్డా. గట్లనే అన్నడు."

అమ్మ నన్ను లాక్కొని చంకనేసుకుంది. "వంకరగున్నా నాలుగడుగులు ఎత్తు పెరిగితే సాలు. మరుగుజ్జును జేసుకొని నేనేం జేద్దు? వద్దని చెప్పు మామా." ఆయన చెప్పాడు. ముగ్గురం ఇంటికొచ్చాం. ఈసారి కూడా ఆయనే నన్ను మోశాడు.

అమ్మ ఆ తర్వాత తనకు తెలిసిన వైద్యమంతా చేసింది. దూలానికి పాత చీర కట్టి, దాన్ని పట్టుకొని వేలాడమనేది. నువ్వులనూనె కాచి మర్దనా చేసేది. చెక్కబల్ల మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద ఇసుకమూట పెట్టేది. వంపు వినలేదు. మూడేళ్ళలో నా కుడి భుజం చెవిని అందుకునేట్టు తయారైంది. గల్లీలో ముసలివాళ్ళు పిల్లలకు బుద్ధి చెబుతూ "మొక్కై వంగనిది మానై వంగునా" అంటుంటే పిల్లలందరూ నా వంక చూసి కిసుక్కుమనేవాళ్ళు. నేనే మొక్కై వంగినదాన్ని. సామెత నా విషయంలో తిరగబడిందని వాళ్ళకు చెప్పడానికి అప్పటికి నాకు నోరు లేదు.

ఏడో ఏట మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. అమ్మ భయపడి మళ్ళీ మున్షీ తాత దగ్గరికి పరుగెత్తింది. మళ్ళీ అదే దవాఖాన, అదే డాక్టరు, అదే ముగ్గురం. తేడా ఒక్కటే. గల్లీలో తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఆడుతూ నేను ఉర్దూ నేర్చేసుకున్నాను. పెద్దవాళ్ళు నేర్పే ఉర్దూ కాదు, పిల్లలు తిట్టుకునే ఉర్దూ. అయినా ఆ గదిలో మాట్లాడిన ప్రతి మాటా నాకు తెలిసింది.

డాక్టరు పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయన మొహం ఎర్రబడింది. మూడేళ్ళ కిందట ఎందుకు చేయించలేదని గద్దించాడు. "నేను చెప్పలేదా? టేఢ్ కా బఢ్నా రుక్ జాయేగా అని?" టేఢ్ అంటే వంపు. వంపు పెరగడం ఆగిపోతుంది. అప్పుడే అతికి ఉంటే పిల్ల వీపు ఇంచుమించు సాఫుగానే ఉండిపోయేదన్నాడు. ఇప్పుడు చేసినా ఉన్నచోట ఆపడమే తప్ప, పోయింది తిరిగి తేలేనన్నాడు.

నేను బల్ల మీద కూర్చొని ఉన్నాను. మున్షీ తాత మొహం నాకు బాగా కనిపిస్తోంది. ఆయనకు ఆ నిమిషంలోనే అర్థమైంది. అద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. డాక్టరు ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. అప్పుడు తాత నెమ్మదిగా అన్నాడు: "మాఁ డర్ గయీ థీ, సాబ్."

తల్లి భయపడింది, అయ్యా.

డాక్టరు అమ్మ వైపు తిరిగి చూసిన చూపు నేను చచ్చేదాకా మరచిపోను. చదువూ సంధ్యా లేని పల్లెటూరి మనిషి, కన్నబిడ్డను చేజేతులా పాడు చేసుకుంది అన్న చూపు. అమ్మకు మాట అర్థం కాలేదు కానీ చూపు అర్థమైంది. చేతులు జోడించింది.

"ఏమంటుండు మామా?"

"ఇప్పుడైనా చేద్దాం అంటుండు బిడ్డా."

మొదటిది తప్పు. ఎవరికైనా జరిగే తప్పు. దాన్ని నేను ఎప్పుడో క్షమించేశాను. రెండోది తప్పు కాదు. అది తెలిసి చేసిన పని. తన మున్షీతనం మీద మచ్చ పడకుండా, ఆ భాష రాని ఆడమనిషి నెత్తిన, ఆమె ఎదుటే, ఆమెకు తెలియకుండా నేరం పెట్టాడు. పెట్టాక ఆయన నా వైపు చూశాడు. పిల్లకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది. నేను తల దించుకొని నా గౌను కుచ్చులు లెక్కపెట్టుకున్నాను.

ఆపరేషన్ అయింది. తియ్యగా కుళ్ళిన వాసన వేసే మందు గుడ్డ ముక్కు మీద పెట్టడం గుర్తుంది. లేచేసరికి కాలు మంట, వీపు మంట, నోరంతా చేదు. ఎడమ కాలి ముందెముక నుంచి తీసిన చీలిక వీపులో పెట్టారు. "నా వీపుల నా కాలే ఉన్నది" అని నేను గల్లీలో చాలా రోజులు గొప్పలు చెప్పుకున్నాను. గొంతు నుంచి తుంటి దాకా సున్నం పట్టీలు చుట్టారు. అవి ఆరి రాయిలా బిగుసుకున్నాయి. నేను దాన్ని సున్నం అంగీ అనేదాన్ని. ఆ అంగీలో, చెక్కబల్ల మీద, వెల్లకిలా, తొమ్మిది నెలలు. ఎండాకాలం లోపల చెమట పట్టి దురద పుడితే అమ్మ చీపురు పుల్ల దూర్చి గోకేది. గోకుతూ ఏడ్చేది. "నేనే బిడ్డా, నేనే వద్దన్న. గప్పుడే చేపిస్తే అయిపోవు." డాక్టరు కోపం దేనికో నాన్న ఆ తర్వాత దవాఖానలో ఎవరినో అడిగి తెలుసుకున్నాడు. తల్లి భయపడి వద్దన్నదట అన్న జవాబే ఆయనకూ దొరికింది. అది తిరిగి అమ్మ చెవిన పడింది. అప్పటినుంచి ఆమె దాన్ని నమ్మింది. పెరుగుడు అన్న మాట సంగతి ఆమె మరిచేపోయింది. ఎవరో అలా చెప్పారన్నది పోయి, తానే బెదిరిందన్నది మిగిలింది.

ఆ తొమ్మిది నెలలూ మున్షీ తాత సాయంత్రం సాయంత్రం వచ్చేవాడు. ఒక్క రోజు తప్పలేదు. జేబులోంచి కలం తీసి, నా సున్నం అంగీ పొట్ట మీద ఉర్దూ అక్షరాలు రాసి, అమ్మ అద్దం పట్టుకుంటే అందులో చూపించి చదివించేవాడు. అద్దంలో తిరగబడి కనిపిస్తాయని, ఆయన కూడా తిప్పి రాసేవాడు. "ఇది అలిఫ్. సీదా నిలబడ్తది సూడు, కట్టె లెక్క" అని ఒకరోజు అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. నేను అద్దంలోంచి ఆయన్నే చూస్తున్నాను. ఆయన తల వంచుకొని, ఆ అలిఫ్ పక్కన 'బే' రాశాడు. సున్నం అంగీ కోసిన రోజు దవాఖాన మనిషి పెద్ద కత్తెర సరిగ్గా ఆ అలిఫ్ మీదుగా పోనిచ్చాడు.

నేను చదువుకున్నానంటే ఆ తొమ్మిది నెలల వల్లే. ఉర్దూ తర్వాత లెక్కలు, లెక్కల తర్వాత తెలుగు. ఆయనకు తెలుగు రాయడం రాకపోతే, ఎవరినో బతిమాలి ఒక పెద్దబాలశిక్ష తెచ్చి, నాతోపాటు తానూ నేర్చుకున్నాడు. ఈరోజు నాంపల్లిలో ఆడపిల్లలకు పాఠం చెప్పుకొని బతుకుతున్నానంటే ఆ ముసలాయన పెట్టిన భిక్షే. ఈ మాట రాయకపోతే నాకు అన్నం సహించదు. రాసినందువల్ల నా కోపం పోతుందనుకుంటే అదీ పొరపాటే.

ఆ రెండోసారి దవాఖాన నుంచి వచ్చాక ఆయనలో ఒక మార్పు వచ్చింది. అబిడ్స్ అరుగు మీద ఆయన్ను ఎరిగినవాళ్ళంతా దాన్ని గమనించారు. ఎవరు ఏం చెప్పినా, "మల్లొక్కపారి చెప్పు" అనడం మొదలుపెట్టాడు. అర్జీదారు రెండోసారి చెప్పాలి. చెప్పాక "ఎవ్వరిది? నీదా, నీ తమ్మునిదా?" అని అడిగేవాడు. "ఇచ్చింది అంటివి. ఎవరు? నీ ఆడిదా, నీ బర్రెనా?" అనేవాడు. జనం నవ్వేవాళ్ళు. "మున్షీకి చెముడొచ్చింది" అన్నారు. తొందరున్నవాళ్ళు పక్క మున్షీ దగ్గరికి పోయారు. ఆయన ముందు వరస చిక్కిపోయింది. ఆయనకు అప్పటికి చెముడు లేదు. నాకు తెలుసు. నాలుగిళ్ళ అవతల నేను దగ్గితే "పిల్లకు పడిశం పట్టింది, మిరియాల కషాయం పొయ్యిన్రి" అని కేకేసేవాడు.

అంటే లోకమంతటి దగ్గరా రెండుసార్లు అడిగాడు. నా తల్లికి మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. ఊరందరికీ ప్రాయశ్చిత్తం పంచిపెట్టి, బాకీ ఉన్న ఒక్క గడపా దాటిపోయాడు. గతజల సేతుబంధనం అంటారా? నీళ్ళు పోలేదండీ. ఆ నీళ్ళు మా అమ్మ కళ్ళలో రోజూ ఉన్నాయి.

పదహారేళ్ళప్పుడు నేనే అమ్మకు చెప్పాను. వంట చేస్తోంది. పక్కన కూర్చొని మొత్తం చెప్పాను. డాక్టరు అన్నది, తాత అన్నది, నేను విన్నది. అమ్మ గరిటె కింద పెట్టి నా నోరు మూసింది. "ఏడేండ్ల పిల్లవు నువ్వు. ఏమిన్నవో ఏమో. నిన్ను మోసిన మనిషిని గట్లంటావా? కండ్లు పోతయే." నేను ప్రమాణం చేయబోతే చేయి పట్టుకొని ఆపేసింది. అప్పుడు నాకు తెలిసింది, నా నోరు దీనికి చాలదని. ఆ మాట ఏ నోట పుట్టిందో ఆ నోటే మళ్ళీ పుట్టాలి.

బడిలో నాలుగో తరగతికి నేను వ్యాకరణం కూడా చెబుతాను. మగవాళ్ళను తెలిపే మాటలు మహత్తులు. మిగిలినవన్నీ అమహత్తులు. ఏకవచనంలో ఆడవాళ్ళకూ అమహత్తులకూ ఒకటే రూపం. వాడు వచ్చాడు. ఆమె వచ్చింది. కుక్క వచ్చింది. బండి వచ్చింది. ఒక పిల్ల లేచి, "ఎందుకట్ల పంతులమ్మా?" అని అడిగింది. పుస్తకంలో జవాబు లేదు. ఆ రోజు నేను బడి నుంచి తిన్నగా మున్షీ తాత ఇంటికే పోదామనుకున్నాను. పోలేదు. ఆ తెగింపు రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఈ ఏడాదంతా ఆయన మంచంలోనే ఉన్నాడు. సర్కారు మారింది. అర్జీలు తెలుగులో రాసినా తీసుకుంటున్నారని ఎవరో ఆయనకు చెబితే, "మంచిదే. నడుమ మున్షీ లేకుంటే అదే మంచిది" అన్నాడట. ఇప్పుడు నిజంగానే చెముడు వచ్చిందని అవ్వ చెప్పింది. చెవి దగ్గర అరచేయి దోనెలా పెట్టుకొని, మనిషి పెదవులనే చూసేవాడు.

పోవడానికి పదకొండు రోజుల ముందు అమ్మా నేనూ చూడబోయాం. అమ్మ జొన్న గటక కాచి తీసుకొచ్చింది. కాసేపు కూర్చొని, అవ్వతో మాట్లాడటానికి నల్లా దగ్గరికి వాకిట్లోకి పోయింది. గదిలో ఆయనా నేనే మిగిలాం. గోడకు షేర్వాణీ వేలాడుతోంది. మేజాబల్ల మూలన బోర్లించి ఉంది. నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. ఒక పక్క ఒరిగి కూర్చోవడం నాకు అలవాటు. ఆయన చూపు నా భుజం మీద పడి, అక్కడే ఆగింది.

ఇప్పుడు అడగకపోతే ఇక లేదని తెలుసు. వంగి చెప్పాను. గట్టిగా కాదు, వాకిట్లోకి వినపడకుండా.

"తాతా, భయపడ్డది మా అమ్మ గాదు. నువ్వు అడగలే. గంతే. ఆ ఒక్క మాట అమ్మకు చెప్పి పో."

అరచేయి లేచి చెవి దగ్గరికి పోయింది.

"మల్లొక్కపారి చెప్పు బిడ్డా."

పన్నెండేళ్ళు కూడబెట్టుకున్న మాట అది. ఒక్కసారి చెప్పడానికే కూడబెట్టుకున్నాను. రెండోసారికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఎముకలు తేలిన ఆ గొంతును, తెల్లబడిన గడ్డాన్ని, ఆ చేతిని చూశాను. సున్నం అంగీ మీద తిరగేసి అక్షరాలు రాసిన చెయ్యి.

"ఏం లేదు తాతా. గటక తాగినవా అన్న."

ఆయన చెయ్యి దించలేదు. నన్నే చూస్తున్నాడు. తర్వాత కళ్ళు అలాగే నా మీద ఉంచి అన్నాడు.

"లోపల పాలు పొంగుతున్నయి. జర సూడు బిడ్డా."

లేచి వెళ్ళాను. వంటిల్లు ఆ గదికి అవతల, మధ్యలో సామాన్ల అర్ర దాటితే ఉంది. బొగ్గుల కుంపటి మీద గిన్నె అంచు దాటి పాలు నిప్పుల మీద పడుతున్నాయి. సన్నగా సుయ్యిమంటున్నాయి. నేను దగ్గరికి వెళ్ళేదాకా నాకే వినపడలేదు. ఒక అర్ర అవతల, మంచంలో ఉన్న ఆయనకు వినపడింది. కొంగుతో గిన్నె పట్టి దించాను. దించి, ఆ గిన్నె చేతుల్లో పట్టుకొని, అక్కడే నిలబడిపోయాను. చేతులు కాలుతున్నా తెలియలేదు.

అమ్మ వాకిట్లోంచి లోపలికి వస్తూ వంటింటి గుమ్మంలో ఎదురైంది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా మొహంలోకి చూసింది.

"ఏమంటుండే తాత?"

"పాలు పొంగుతున్నయి అంటుండమ్మా" అన్నాను.

అమ్మ తృప్తిగా తల ఊపి, చెంబు పట్టుకొని అవ్వ దగ్గరికి వెళ్ళిపోయింది. నేను అర్ర దాటి గది గుమ్మం దాకా వచ్చాను. లోపలికి పోలేదు. మున్షీ తాత అటే చూస్తున్నాడు, గుమ్మం వైపే. అరచేయి ఇంకా చెవి దగ్గరే ఉంది.